నాంచారవ్వ ఇల్లు వచ్చేదాకా

అనగనగా అంటే మరీ అంత పాతదీ కాదు, మరీ అంత కొత్తదీ కాదు. మీ తాతల తాతలకు ఇంకా ముక్కు తుడుచుకోవడం చేతకాని రోజుల నాటి మాట.

నాపరాళ్ళపల్లె అని ఒక ఊరు. పేరుకు తగ్గట్టే ఆ ఊళ్ళో గోడలు నాపరాళ్ళు, ఇంటి కప్పులు నాపరాళ్ళు, ఆఖరికి కూర్చునే అరుగులు కూడా నాపరాళ్ళే. వానాకాలం బాగానే ఉండేది. చలికాలం ఇంకా బాగుండేది. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం ప్రతి రాయీ పెనమై కూర్చునేది. పైగా ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసేవారు. ఆ వేడికి, ఆ ఘాటుకి, ఆ పొడిగాలికి పెద్దవాళ్ళకు పెదాలు పగిలేవి. పిల్లలకు ముక్కుల్లోంచి నెత్తురు కారేది.

పిల్లల ముక్కు నెత్తురు ఏ ఊళ్ళోనైనా ఉండేదే. కానీ ఈ ఊరికి ఒక పట్టింపు ఉంది. పసిబిడ్డ నెత్తురు నేల మీద పడకూడదు. పడితే నేలకు రుచి తెలుస్తుందట. రుచి తెలిసిన నేల మళ్ళీ అడుగుతుందట. ఒక్క ఎండాకాలంలో మూడుసార్లు తాగిందంటే బిడ్డనే అడుగుతుందట. ఈ మాట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి అడగడానికీ లేదు, కాదనడానికీ లేదు.

అందుకని ఏ బిడ్డకైనా ముక్కులోంచి నెత్తురు కనిపిస్తే చాలు, నలుగురూ పరుగెత్తుకొచ్చేవారు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచేవారు. "నేలకు చూపించొద్దు, ఆకాశానికి చూపించు" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. బయటికి రావలసిన నెత్తురు గొంతులోకి పోయేది. బిడ్డ గుటకలు మింగేది, పొలమారేది, చివరికి నల్లగా కక్కేది. అది చూసి, "అదిగో, నేల లోపలికి దూరి మరీ అడుగుతోంది" అనేవారు. పాపం, ముక్కు పెట్టే బాధ కంటే పెద్దవాళ్ళు పెట్టే బాధే ఎక్కువ ఆ పిల్లలకు.

ఆ ఊరి బట్టలన్నీ ఉతికే మనిషి నాంచారి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చాకిరేవు పక్కన ఒక గుడిసె, ఒక గాడిద, ఉతికే బండ, అంతే ఆవిడ సంసారం. ఆ గుడిసె గుమ్మం మరీ పొట్టిది. ఎవరైనా సరే తల వంచితే గానీ లోపలికి పోలేరు. ఎవరైనా అని మాటవరసకు అన్నాను గానీ, ఆ గుమ్మంలోకి ఎవరూ పోయేవారు కాదు. చాకలిదాని ఇంటికి ఎవరికేం పని.

నాంచారికి చదువు రాదు. అయినా నలభై ఇళ్ళ బట్టల్లో ఒక్క తుండుగుడ్డ కూడా తారుమారు కాలేదు. ఎన్ని ఉతుకులకైనా పోని జీడిరసంతో ప్రతి బట్ట మూలా ఒక గుర్తు పెట్టేది. ఆ గుర్తులు మరిచిపోకుండా నలభై ఇళ్ళకూ ఒక వరస కట్టుకుంది. పొద్దున్నే మైలబట్టల కోసం బయల్దేరి, నడకకు తగ్గట్టు నిదానంగా పాడుకుంటూ పోయేది.

"మొదటి ఇల్లు మోతుబరి ఇల్లు, ముతక పంచెలు మూడు. రెండో ఇల్లు రేగుచెట్టు ఇల్లు, రవికెల మూట ఒకటి. మూడో ఇల్లు మూలమలుపు ఇల్లు, ముగ్గురు పిల్లల చొక్కాలు..."

ఇలా నలభై. పిల్లలు వెనకాల పడి వెక్కిరించేవారు. ఆవిడ కోప్పడేది కాదు. వెక్కిరించేవాళ్ళ చొక్కాల మీది మరకలన్నీ తనకు తెలుసు కదా అని నవ్వుకునేది.

మరకలంటే గుర్తొచ్చింది. ఊళ్ళో ఏ బిడ్డకు ఎప్పుడు, ఎందుకు నెత్తురు కారిందో నాంచారికి తెలిసినంతగా కన్నతల్లులకు కూడా తెలియదు. రేగుచెట్టు ఇంటివాళ్ళ పిల్లాడి చొక్కా అంచున ఎప్పుడూ వేలెడు మరక ఉండేది. వాడు ముక్కులో వేలు పెట్టి గీరి, ఆ వేలు చొక్కాకు తుడిచేవాడు. మోతుబరి ఇంటి మనవరాలి దిండుగలీబు మీద మరకలు ఎండాకాలంలోనే కనిపించేవి, తొలకరి పడగానే పోయేవి. అది వేడి పని. మూలమలుపు ఇంట్లో చంటిదాని జుబ్బాకు ఒకే పక్క మరక, పైగా చెడ్డ వాసన. ఆ ముక్కులో ఏదో గింజ ఇరుక్కుందని ఆవిడ ఎప్పుడో పసిగట్టింది. నాంచారి చూసింది. ఏమీ అనలేదు. చాకలిదాన్ని ఎవరడుగుతారు?

ఆవిడకు తెలిసింది ఇంకొకటి ఉంది. అది ఎవరితోనూ అనలేదు. ఎనిమిదేళ్ళప్పుడు, రేవులో వంగి బట్టలు ఉతుకుతుంటే తనకే ముక్కులోంచి నెత్తురు కారింది. చుట్టూ ఎవరూ లేరు. పడుకోబెట్టేవాళ్ళు లేరు, గడ్డం పట్టేవాళ్ళు లేరు. వంగిన మనిషి వంగినట్టే ఉండి, తడి వేళ్ళతో ముక్కు గట్టిగా నొక్కి పట్టుకుంది. భయం పోవడానికి ఇళ్ళ వరస పాడుకుంది. వరస అయ్యేసరికి నెత్తురు ఆగింది. ఆ తరవాత ఎన్నో ఎండాకాలాలు అలాగే గడిచాయి. రేవు నేల మీద ఆవిడ నెత్తురు ఒక్కో ఎండాకాలంలో మూడుసార్లు కాదు, ఆరేడుసార్లు పడింది. నేల ఏమీ అడగలేదు.

ఇక మోతుబరి ఇంటి సంగతి. ఆ ఇంటికి పెద్ద గురవమ్మ. ఆవిడ నోట్లోంచి మాట వచ్చిందంటే ఊరు కూర్చుంటే కూర్చునేది, లేస్తే లేచేది. కోడలు ఆదెమ్మ నెమ్మదస్తురాలు. ఆదెమ్మ కూతురు పేరిందేవి, ఆరేళ్ళది, అందరూ పేరి అనేవారు. నాంచారి వెనకాల పడి వెక్కిరించేవాళ్ళలో ముందుండేది ఈ పిల్లే. నాంచారికి ఆ పిల్ల అంటే ప్రాణం. ఎందుకంటే మిగతావాళ్ళు మూడిళ్ళు వెక్కిరించి పోయేవారు, పేరి మాత్రం పదిళ్ళ దాకా వచ్చేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మొదటిసారి పేరికి కళ్ళంలో మిరపకాయల మధ్య ఆడుకుంటుంటే నెత్తురు వచ్చింది. నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి. గురవమ్మ పిల్లను ఎత్తుకుపోయి వెల్లకిలా పడుకోబెట్టింది. పిల్ల మింగింది, పొలమారింది, నల్లగా కక్కింది. దారిలో మూటతో పోతున్న నాంచారి చూసింది. ఏమీ అనలేదు. చాకలిదాన్ని ఎవరడుగుతారు?

రెండోసారి ఇంటి గుమ్మంలోనే వచ్చింది, నేల మీద రెండు చుక్కలు పడేసరికి మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టారు. నాంచారి మైలబట్టలు తీసుకుంటూ అక్కడే ఉంది. ఈసారి ఉండబట్టలేక నోరు తెరిచింది.

"అమ్మా, పిల్లను కూచోబెట్టండమ్మా. లోపలికి పోతావుంది."

గురవమ్మ తల తిప్పి చూసింది. "నిన్ను అడిగామటే? నీ మూట నువ్వు చూసుకో."

నాంచారి మూట ఎత్తుకుని పోయింది. పోయింది గానీ ఆ రోజు బండ మీద ఏ బట్ట బాదుతోందో తనకే తెలియలేదు. ఇంకో మాట అని ఉండాల్సింది అని రోజంతా బాధపడింది.

గురవమ్మ సోదె చెప్పే మనిషిని పిలిపించింది. సోదెమ్మ కళ్ళు మూసుకుని, తెరిచి, మళ్ళీ మూసుకుని చెప్పింది. "నేల రెండుసార్లు తాగింది. మూడోసారి తాగితే పిల్ల దక్కదు. తాగకముందే ఏరు దాటించండి. అమ్మమ్మ ఊళ్ళో పెట్టి, పెద్దమనిషి అయ్యేదాకా ఈ మట్టి తొక్కనివ్వబాకండి. తల్లి వెంట పోకూడదు. తల్లి పోతే నేల కూడా వెంటపోద్ది."

ఆదెమ్మ ఏడ్చింది. అత్త కాళ్ళు పట్టుకుంది. గురవమ్మ కళ్ళు కూడా తడిశాయి గానీ, మనవరాలు ఎక్కడో ఒకచోట బతికి ఉంటే చాలనుకుంది. ఆవిడది రాతిగుండె కాదు, భయపడిన గుండె. శుక్రవారం పొద్దున్న బండి కట్టమంది.

శుక్రవారం పొద్దున్న నాంచారి పేరి బట్టలు మడతపెట్టి తెచ్చింది. ఆరు రవికెలు, రెండు పరికిణీలు. అప్పటికే వాకిట్లో బండి ఉంది, ఊరంతా ఉంది. పేరి తల్లి కొంగు వదలకుండా ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి, చీమిడి కారుతుంటే మోచేత్తో ముక్కు గట్టిగా రుద్దుకుంది. అంతే, నెత్తురు బొటబొటా వచ్చింది.

"పట్టుకోండి, నేలన పడనివ్వబాకండి" అని గురవమ్మ కేక పెట్టింది. ఇద్దరు కాళ్ళు పట్టారు, ఒకరు తల వెనక్కి వంచారు. ఈసారి ధార ఎక్కువ. పిల్ల మింగలేకపోయింది. ఊపిరి అందక గిలగిల కొట్టుకుంది. మొహం తెల్లబడింది. ఆదెమ్మ చూడలేక కళ్ళు మూసుకుంది.

నాంచారి చూసింది. ఇక ఎవరూ అడగనక్కర్లేదనుకుంది. ఉతికిన బట్టలు మట్టిలో పడేసింది. నలభై ఏళ్ళలో ఆవిడ ఉతికిన బట్ట నేలన పడడం అదే మొదలు. పట్టుకున్నవాళ్ళ చేతుల్లోంచి పిల్లను లాక్కుని, అరుగు మీద కూర్చుని, ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుంది. తలను ముందుకు వంచింది. నెత్తురు ధారగా నేల మీద పడింది.

ఊరంతా రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒసే నాంచారీ, పడిందే. మూడోసారి పడిందే. నా బిడ్డను చంపావు గదే" అంటూ గురవమ్మ కూలబడిపోయింది.

"పడనీ అమ్మా. లోపల పడి ఊపిరాడకుండా పోయేకంటే బయట పడ్డం మేలు" అంది నాంచారి. పేరి ముక్కు కింది భాగం, ఎముక లేని మెత్తటిచోట, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి రెండు పక్కలా నొక్కి పట్టుకుంది. "నోట్లోకి వచ్చింది ఉమ్మెయ్యి తల్లీ. మింగబాక. నోటితో ఊపిరి తీసుకో. ఏడవబాక. నాతో వస్తావా, మైలబట్టలకు పోదాం."

పేరి తల వంచుకునే ఊఁ అంది.

నాంచారి మొదలుపెట్టింది. "మొదటి ఇల్లు మోతుబరి ఇల్లు, ముతక పంచెలు మూడు. రెండో ఇల్లు రేగుచెట్టు ఇల్లు, రవికెల మూట ఒకటి..."

పదో ఇంటి దగ్గర ఆదెమ్మ అడిగింది. "ఆగిందేమో, చూడు నాంచారీ."

"ఇంకా ఇళ్ళున్నాయమ్మా. మధ్యలో వదిలితే మళ్ళీ మొదటి ఇంటికి పోవాల."

ఇరవయ్యో ఇంటి దగ్గర గురవమ్మ అడిగింది. "ఒక్కసారి వేలు తీసి చూడవే."

"ఇంకా ఇళ్ళున్నాయమ్మా."

ముప్ఫయ్యో ఇంటి దగ్గర ఎవరూ అడగలేదు. ఊరంతా నోరు మూసుకుని తమ తమ ఇళ్ళ పేర్లు వింటోంది. పేరి ఊపిరి కుదుటపడింది. పదో ఇంటి తరవాత ఎప్పుడూ విననివి కదా, ఆ పిల్ల చెవులు రిక్కించి వింటోంది.

"నలభయ్యో ఇల్లు నారాయుడి ఇల్లు, నలిగిన తలగుడ్డ ఒక్కటి" అని నాంచారి మెల్లగా వేళ్ళు తీసింది.

నెత్తురు ఆగింది. పేరి తల్లి వైపు చేతులు చాచింది.

ఆదెమ్మ పిల్లను అందుకుంటూ ఉంటే నాంచారి చిన్నగా చెప్పింది. "ఈ పూటంతా ముక్కు చీదనివ్వబాక తల్లీ. గోళ్ళు తీసెయ్యి. రేపటి నుంచి రెండు పూటలా వెన్నపూస కాస్త వేలికొసన తీసుకుని, ముక్కు లోపలి అంచున రాయి. తలుపుకు తడిపిన గోనె కట్టు. ఆ రాళ్ళింట్లో గాలి కాస్త చల్లబడుద్ది."

గురవమ్మ లేచి నిలబడింది. "ఇక ఏరు దాటించి లాభం లేదు. తాగాల్సిన నేల తాగేసింది. మూడు రోజులు చూస్తాం. బిడ్డకు ఏమైనా అయిందా, నీ గుడిసె ఉండదు, నువ్వూ ఉండవు. అందాకా నీకు ఎవరూ బట్టలెయ్యరు."

"అట్టాగే అమ్మా" అంది నాంచారి. "ఆ నేల సంగతి నాకు తెలుసు. నా చిన్నప్పటి నుంచి నా నెత్తురు ఎంత తాగిందో. ఏనాడూ ఇంకా పెట్టమనలేదు."

మూడు రోజులు ఊరంతా నేలవంక చూస్తూ నడిచింది. మొదటి రోజు నాంచారి వరస పాడుకుంటూ తిరిగింది, ఒక్క తలుపూ తెరుచుకోలేదు. రెండో రోజు తిరిగింది, తెరుచుకోలేదు. మూడో రోజు కూడా తిరిగింది. కూర్చోవచ్చు కదా అంటారా. నలభై ఏళ్ళ అలవాటు, కాళ్ళు కూర్చోనిస్తేగా. ఒట్టి చేతులతో రేవుకు తిరిగొచ్చి, గాడిద మెడ నిమురుతూ, "పిల్ల బాగుంటే చాల్లే, మనకేం" అంది. అంది గానీ ఆ మూడు రోజులూ ముద్ద దిగలేదు.

నాలుగో రోజు పొద్దున మోతుబరి ఇంటి గుమ్మంలో తనంత మైలబట్టల మూట పట్టుకుని పేరి నిలబడి ఉంది. బుగ్గల్లో రంగు తిరిగింది. ముక్కుకు వెన్న మెరుస్తోంది. వెనకాల గురవమ్మ ఉంది.

"ఇదిగో నాంచారీ, ఇది నీ వెంట తిరుగుద్దంట. ఆ నారాయుడి ఇల్లు ఎక్కడో చూడాలంట" అని, మనవరాలి తల నిమిరి, "నాకు తెలీక చేశానే. బిడ్డను నువ్వే నిలబెట్టావు" అంది గురవమ్మ. అంత పెద్ద మనిషి అలా అనేసరికి నాంచారి మూట అందుకుని, "పంచెలు మూడేనా అమ్మా" అంది.

ఆ రోజు నుంచి ఊరు అడగడం మొదలుపెట్టింది. అడిగితే చెప్పడానికేం, చెప్పేది. రేగుచెట్టు ఇంట్లో గోళ్ళు తీయించింది. మూలమలుపు ఇంటివాళ్ళతో, "పుల్ల పెట్టి కెలకబాకండి, ఇంకా లోపలికి పోద్ది. బస్తీలో వైద్యుడికి చూపించండి" అంది. వాళ్ళు చూపించారు. చంటిదాని ముక్కులోంచి ఉబ్బిన చింతగింజ బయటికి వచ్చింది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పేది. "నలభై ఇళ్ళ వరస రెండుసార్లు పాడినా ఆగకపోతే, తలకు దెబ్బ తగిలాక వస్తే, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలుంటే, అది నా చేతిలో లేదు. వెంటనే బండి కట్టండి."

ఏళ్ళు గడిచాయి. గురవమ్మ పోయింది. పేరికి ఆ ఊళ్ళోనే మేనత్త కొడుకుతో పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. నాంచారి అందరికీ నాంచారవ్వ అయింది. ఒక చలికాలం సాయంత్రం నలభై ఇళ్ళ బట్టలూ మడతపెట్టి, ఏ ఇంటివి ఆ ఇంటికి చేర్చి, గుడిసెకు పోయి పడుకుంది. మర్నాడు లేవలేదు.

ఆ పొద్దున వరస వినిపించలేదని ఊరంతా రేవుకు పోయింది. అందరూ ఆ పొట్టి గుమ్మంలోంచి తల వంచి లోపలికి పోయారు. నలభై ఇళ్ళవాళ్ళూ తలా ఒక బట్ట తెచ్చి కప్పారు. అన్నీ ఆవిడ ఉతికినవే.

ఆ ఎండాకాలం పేరి కొడుక్కి ముక్కులోంచి నెత్తురు వచ్చింది. పేరి వాణ్ణి కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు నొక్కి పట్టుకుని వరస మొదలుపెట్టింది. నలభై ఇళ్ళూ అయిపోయాయి. వేలు కొంచెం సడలిస్తే ఇంకా చెమ్మగానే ఉంది. మళ్ళీ నొక్కింది. ఆవిడ ఉంటే బాగుండేది అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పిల్లాడు తల వంచుకునే, ముక్కుతో ముద్దముద్దగా అడిగాడు. "అందరిళ్ళూ చెప్పావు. నాంచారవ్వ ఇల్లేదమ్మా?"

నిజమే. ఊరందరి ఇళ్ళూ ఉన్న వరసలో ఆవిడ ఇల్లు లేదు. తన బట్టలు తాను ఉతుక్కోవడానికి వరస ఎందుకు, అందుకని పెట్టుకోలేదు. పేరి గొంతు సవరించుకుని మొదటి ఇంటి నుంచి మళ్ళీ వచ్చింది. నలభై దాటాక ఇంకో ఇల్లు కలిపింది.

"నలభై ఒకటో ఇల్లు నాంచారవ్వ ఇల్లు. తల వంచి రండి, తల వంచి రండి."

వేళ్ళు తీసింది. నెత్తురు ఆగింది.

ఇప్పుడు ఆ గుడిసె లేదు. రేవు పూడిపోయింది. రేగుచెట్టూ లేదు, మూలమలుపూ లేదు, నారాయుడి వాళ్ళు ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. అయినా నాపరాళ్ళపల్లెలో ఏ బిడ్డకు ముక్కులోంచి నెత్తురు వచ్చినా పెద్దవాళ్ళు కంగారుపడరు. "నాంచారవ్వ బట్టలకొచ్చింది, తల వంచు" అంటారు. ముక్కు పట్టుకుని నిదానంగా నలభై ఇళ్ళూ తిరిగి, ఆవిడ ఇల్లు వచ్చేదాకా వదలరు. బతికినన్నాళ్ళూ ఎదురుపడ్డ ప్రతివాళ్ళకూ తల వంచిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా, ఏ ఇంటి బిడ్డయినా, ఆవిడ గుమ్మం ముందు ఒక్కసారైనా తల వంచి పెరుగుతుంది.

ఉతికాను, పిండాను, ఆరేశాను. మడతపెట్టుకుని ఇంటికి పట్టుకుపోవడం మీ వంతు.